సంభాషణ క్రమం – పరిశోధన క్రమం: కృత్రిమ మేధా సంభాషణ సాధనాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అప్పటినుంచి కృత్రిమ మేధతో సంభాషించే సాధనాలు విశ్వవిద్యాలయ పరిశోధనలోకి క్రమంగా ప్రవేశించాయి. ఒక ప్రశ్నకు ఒక జవాబు అనే స్థాయిలో ఇవి బాగానే ఉపయోగపడుతున్నా, నెలల తరబడి సాగే పరిశోధన ప్రాజెక్టును క్రమపరచడంలో వెనుకబడుతున్నాయి. ఈ లోపానికి జ్ఞాపక పరిధి చాలకపోవడమే కారణమని సాధారణంగా భావిస్తున్నారు. ప్రతి వాక్యం స్థితిని, ఆధారాన్ని, నిర్ణయ కారణాన్ని నమోదు చేసే ఏర్పాటు లేకపోవడం అంతకంటే మౌలికమైన లోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మాండలిక వృత్తిపదకోశ నిర్మాణ పద్ధతిని, శాస్త్రచర్చలోని అధికరణ స్వరూపాన్ని గీటురాళ్లుగా తీసుకొని ప్రస్తుత సాధనాలను పరిశీలించి, మెరుగుదలకు కొన్ని సూచనలు చేస్తుంది.

కీలకపదాలు: కృత్రిమ మేధ, సంభాషణ సాధనాలు, పరిశోధన పద్ధతి, మాండలిక వృత్తిపదకోశం, అధికరణం, టోకెన్లు.

1. ఉపోద్ఘాతం:
కృత్రిమ మేధా సాధనాల మీద తెలుగులో జరిగే చర్చ ఎక్కువగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతోంది. మొదటిది, అవి చెప్పేది నిజమా కాదా అన్నది. రెండవది, వాటి సహాయంతో రాసినదానిని సొంత రచనగా పరిగణించవచ్చా అన్నది. రెండూ అవసరమైన ప్రశ్నలే. అయితే పరిశోధకులకు నిత్యం ఎదురయ్యే మూడవ సమస్య ఒకటుంది. పని పెద్దదైనప్పుడు, దానిలో అనేక అంశాలు ఒకదానిపై ఒకటి ఆధారపడినప్పుడు, ఈ సాధనాలు ఆ పనిని ఎంత క్రమంగా నిలుపుకోగలవు అన్నది ఆ సమస్య.

పరిశీలన సౌలభ్యం కోసం ఒక ఉదాహరణను ఊహిద్దాం. ఒక పరిశోధకురాలు చేనేత వృత్తిపదాలపై సిద్ధాంత గ్రంథం రాస్తున్నారు. పోచంపల్లి, మంగళగిరి, వెంకటగిరి వంటి కేంద్రాలలో నేతగాళ్ల నోట విన్న పదాలను సేకరించి, వాటిని వర్గీకరించడానికి ఒక సంభాషణ సాధనాన్ని ఉపయోగిస్తున్నారు. మొదటిరోజే ఆమె ఒక నియమం పెట్టారు: వక్తల నుంచి స్వయంగా విన్న రూపాలనే పట్టికలో చేర్చాలి, నిఘంటువుల నుంచి ఏదీ తీసుకోరాదు. తర్వాత కొన్ని వారాలపాటు సంభాషణ సాగింది. పడుగు, పేక, నాడె వంటి పదాల చుట్టూ వందల ప్రశ్నలు, జవాబులు పోగయ్యాయి. చివరికి అడిగిన పట్టికలో ఖాళీలు లేకుండా అన్ని గడులూ నిండి ఉన్నాయి. వాటిలో ఏది క్షేత్రంలో విన్నది, ఏది సాధనం తనకు తానుగా పూరించినది అనే భేదం మాత్రం కనిపించదు.

ఇక్కడ ప్రతి పదమూ విడిగా చూస్తే సరైనదే కావచ్చు. అయినా ఆ పట్టిక పరిశోధనగా చెల్లదు. ఈ వ్యాసం పరిశీలించే లోపం ఈ స్వభావం కలది.

2. సంభాషణ అనే రూపం – దాని పరిమితులు:
సంభాషణ కాలక్రమంలో నడుస్తుంది. ముందు అన్నది పైన, తర్వాత అన్నది కింద ఉంటుంది. పరిశోధన అలా నడవదు. దానిలో ఒక నిర్ణయం మీద పది నిర్ణయాలు ఆధారపడతాయి. ఆ మొదటి నిర్ణయం మారితే పదీ మారాలి. ఎప్పుడో చెప్పిన మాట ఇప్పటికీ చెల్లుతుండవచ్చు, నిన్న చెప్పినది ఇవాళ రద్దయి ఉండవచ్చు. సంభాషణ రూపంలో ఈ రెండింటికీ ఒకే ప్రతిపత్తి ఉంటుంది. రద్దయిన మాట కూడా పాఠంలో యథాతథంగా నిలిచే ఉంటుంది.

సాధనం పనిచేసే తీరు ఈ చిక్కును పెంచుతుంది. భాషా నమూనా ప్రతి జవాబుకు ముందు తన సందర్భ పరిధిలో ఉన్న పాఠాన్ని ఆధారం చేసుకుంటుంది. ఆ పరిధిని టోకెన్లు అనే చిన్న భాగాలతో కొలుస్తారు. సంభాషణ పరిధిని మించినప్పుడు పాత భాగాన్ని వదిలివేయడమో, సంగ్రహించి ఉంచడమో జరుగుతుంది. పరిధిలో ఉన్నంత మాత్రాన అంతా సమానంగా ఉపయోగపడుతుందని కూడా చెప్పలేం. నెల్సన్ లియు, సహపరిశోధకులు 2023లో వెలువరించిన అధ్యయనం, దీర్ఘ పాఠంలో మొదట లేదా చివర ఉన్న సమాచారాన్ని నమూనాలు బాగా వాడుకుంటాయనీ, మధ్యలో ఉన్నదాని విషయంలో వాటి సామర్థ్యం తగ్గుతుందనీ చూపింది. 2025లో ఫిలిప్ లబాన్, సహపరిశోధకులు చేసిన మరో అధ్యయనం సంభాషణ రూపాన్నే పరీక్షించింది. అవసరాలన్నీ ఒకేసారి చెప్పినప్పటితో పోలిస్తే, వాటిని విడతలు విడతలుగా చెప్పినప్పుడు ఆరు రకాల పనులలో నమూనాల ఫలితాలు సగటున 39 శాతం పడిపోయాయి. సమాచారం పూర్తికాకముందే నమూనాలు కొన్ని ఊహలు చేసి, తొందరపడి పరిష్కారం చెప్పి, ఆ తర్వాత వాటినే పట్టుకొని ఉంటాయని ఆ అధ్యయనం వివరించింది.

పరిశోధన ప్రశ్న ఎప్పుడూ విడతలుగానే స్పష్టమవుతుంది. ఏమి కావాలో ముందే పూర్తిగా తెలిసి ఉంటే పరిశోధన అవసరమే లేదు. కనుక ఈ సాధనాల బలహీనత, పరిశోధకుని పని స్వభావం ఒకే చోట తలపడుతున్నాయి.

3. క్రమపరచే యత్నాలు – ఒక సమీక్ష:
ఆలోచనలను వాటి సంబంధాల ప్రకారం అమర్చే యంత్రం గురించిన ఊహ కొత్తది కాదు. వన్నెవార్ బుష్ 1945లో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో రాసిన వ్యాసంలో మెమెక్స్ అనే ఊహాయంత్రాన్ని వర్ణించారు. చదువరి ఒక పత్రం నుంచి మరో పత్రానికి తాను వేసుకున్న జాడలను భద్రపరచుకొని, వాటిని మరొకరికి అందించగలగడం దానిలోని ముఖ్యాంశం. టెడ్ నెల్సన్ 1965లో హైపర్‌టెక్స్ట్ అనే పేరు పెట్టిన భావన ఈ దారిలోనిదే. యంత్రం లేకుండానే ఈ పని చేసి చూపిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లస్ లూమన్ సుమారు 90,000 చీటీలు రాసుకున్నారు. ప్రతి చీటీకి ఒక సంఖ్య ఉండేది. ఆ సంఖ్యకు అక్షరాలు, అంకెలు చేరుస్తూ కొత్త శాఖలు తీసేవారు. ఏ చీటీ ఎప్పుడు రాశారన్న దానికంటే దేని పక్కన చేరిందన్నది ఆ వ్యవస్థలో ముఖ్యం.

ఈ నేపథ్యంలో ఇటీవలి మార్పులను చూడాలి. 2024 ఫిబ్రవరిలో ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీలో మెమరీ సదుపాయాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. 2024 జూన్‌లో ఆంత్రోపిక్ సంస్థ తన క్లాడ్ సాధనంలో ప్రాజెక్టులు అనే ఏర్పాటును తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో చాట్‌జీపీటీలోనూ ప్రాజెక్టులు వచ్చాయి. 2025లో పాత సంభాషణలన్నింటినీ ఆధారం చేసుకునే మెమరీ, సంభాషణను ఒకచోట చీల్చి వేరే శాఖగా కొనసాగించే వీలు చేరాయి. గూగుల్ వారి నోట్‌బుక్‌ఎల్ఎమ్ వినియోగదారు ఇచ్చిన ఆకరాలను ఆధారం చేసుకొని, జవాబులోని అంశం ఏ భాగం నుంచి వచ్చిందో చూపే పద్ధతిని అనుసరిస్తోంది.

వీటన్నింటినీ ఒకే రకమైన ప్రగతిగా లెక్కించడం సరికాదు. ప్రాజెక్టు అనేది ప్రధానంగా ఒక సంచి. సంబంధిత పత్రాలను, సంభాషణలను ఒకచోట ఉంచుతుంది. వాటి మధ్య ఏది దేనికి ఆధారమో చెప్పదు. మెమరీ వినియోగదారు గురించిన అంశాలను దాచుతుంది; ఆ అంశం ఏ సందర్భంలో, ఏ పరిమితితో అన్నదో తరచు వదిలివేస్తుంది. ఒక అధ్యాయానికి పెట్టుకున్న నియమం మరో అధ్యాయంలోకి ప్రవహించే ప్రమాదం ఇక్కడ ఉంది. శాఖలు చీల్చే వీలు నిజంగా మేలైనదే. కాని శాఖలో తేలిన విషయం మూలంలోకి ఎలా తిరిగి రావాలో చెప్పే ఏర్పాటు బలహీనంగా ఉంది. ఆకరాన్ని చూపే పద్ధతి మాత్రమే పరిశోధకుని అవసరానికి దగ్గరగా వచ్చింది. అది కూడా పత్రాల నుంచి వచ్చిన మాటకు ఆధారం చూపగలదు గాని, పరిశోధకురాలు స్వయంగా చేసిన నిర్ణయాలకు చరిత్రను ఉంచలేదు.

4. మాండలిక వృత్తిపదకోశం చూపిన మార్గం:
సంక్లిష్టమైన ప్రాజెక్టును క్రమపరచడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి తెలుగులో ఒక మంచి నమూనా ఉంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని ప్రచురించింది. చేనేత పదాల సంపుటం 1971లో వెలువడింది. తర్వాతి సంపుటాలు వేర్వేరు సంపాదకుల చేతుల మీదుగా ఇతర వృత్తులకు విస్తరించాయి.

ఈ కృషిలో గమనించవలసిన అంశం పదాల సంఖ్య కంటే వాటి నమోదు పద్ధతి. ముందుగా రూపొందించుకున్న ప్రశ్నావళితో క్షేత్ర పరిశోధకులు వేర్వేరు ప్రాంతాలలో పదాలను సేకరించారు. ఒక రూపం ఏ ప్రాంతంలో వినిపించిందో ఆరోపంతో పాటే సూచించారు. అందువల్ల ఆ కోశంలోని ఆరోపం అర్థాన్ని చెప్పడంతో ఆగదు; ఒక సాక్ష్యంగా నిలుస్తుంది. తర్వాతి తరం పరిశోధకుడు అదే ప్రాంతానికి వెళ్లి దానిని పరీక్షించవచ్చు, అంగీకరించవచ్చు, ఖండించవచ్చు. సేకరించినవారు ఒకరు, సంపాదించినవారు మరొకరు, వాడుకునేవారు ఇంకొకరు అయినా పని చెదరకపోవడానికి కారణం ఇదే. వ్యక్తుల జ్ఞాపకం మీద కాక నమోదు క్రమశిక్షణ మీద ఆ ప్రాజెక్టు నిలబడింది.

మనం ఊహించిన చేనేత పరిశోధకురాలి సంభాషణను దీనితో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. ఒక పదం మంగళగిరిలో విన్నానని ఆమె సాధనానికి చెప్పినప్పుడు ఆ ప్రాంతం పేరు కూడా పాఠంలో భాగమే. యాభై ప్రశ్నల తర్వాత పట్టిక తయారయ్యేటప్పుడు అది పదాన్ని అంటిపెట్టుకొని వస్తుందన్న హామీ లేదు. సంగ్రహించే క్రమంలో మొదట జారిపోయేవి ఇటువంటి వివరాలే: ఎక్కడ, ఎవరు, ఎంత నిశ్చయంగా. సంగ్రహం దృష్టిలో ఇవి అప్రధానాలు. పరిశోధన దృష్టిలో ఇవి లేనిదే మిగిలినదానికి విలువ లేదు.

5. అధికరణ స్వరూపం – చర్చను నిలిపే పద్ధతి:
పదకోశం సమాచార నమోదుకు నమూనా అయితే, వాదోపవాదాల నమోదుకు మన శాస్త్ర సంప్రదాయంలో అధికరణం నమూనాగా నిలుస్తుంది. మీమాంసకులు అధికరణానికి సాధారణంగా ఐదు అంగాలు చెబుతారు: విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. ఇది కూడా సంభాషణ నుంచి పుట్టిన రూపమే. కాని ఆ సంభాషణ కాలక్రమంలో కాక ప్రశ్న క్రమంలో అమరింది.

దీనిలో రెండు అంగాలు ప్రస్తుత చర్చకు ప్రత్యేకంగా ఉపకరిస్తాయి. మొదటిది పూర్వపక్షం. తిరస్కరించిన అభిప్రాయాన్ని చెరిపివేయకుండా, అది తిరస్కృతమని స్పష్టంగా గుర్తించి, కారణంతో సహా నిలిపి ఉంచుతారు. సంభాషణ సాధనంలో తిరస్కరించిన అభిప్రాయం గుర్తు లేకుండా మిగిలిపోతుంది, లేదా సంగ్రహంలో పూర్తిగా మాయమవుతుంది. మొదటి సందర్భంలో అది సిద్ధాంతంగా తిరిగి రావచ్చు. రెండవ సందర్భంలో అదే చర్చను మళ్లీ మొదటినుంచి చేయవలసి వస్తుంది.

రెండవది సంగతి. ఈ అంశానికి ముందు అంశంతో ఉన్న సంబంధం ఏమిటో చెప్పడం దాని పని. ప్రాజెక్టు అనే సంచిలో పది సంభాషణలు ఉన్నా వాటి మధ్య సంగతిని సాధనం అడగదు, చెప్పదు. ఆ భారమంతా పరిశోధకుని జ్ఞాపకం మీదనే పడుతుంది.

6. తెలుగు వినియోగదారుకు అదనపు భారం:
ఈ లోపాలు అన్ని భాషలవారికీ ఉన్నవే అయినా తెలుగులో పనిచేసేవారికి మరింత బరువుగా తగులుతాయి. యూనికోడ్‌లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్–8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. టోకెన్లుగా విడగొట్టే పద్ధతులు ఆంగ్ల పాఠాల మీద ఎక్కువగా రూపొందినందువల్ల తెలుగు మాటలు చిన్న చిన్న ముక్కలవుతాయి. 2024 మేలో జీపీటీ–4ఓ నమూనాను ప్రకటించినప్పుడు ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, ఒక చిన్న పరిచయ పాఠానికి ఆంగ్లంలో పాత పద్ధతి ప్రకారం 27 టోకెన్లు పట్టగా తెలుగులో 159 పట్టాయి. కొత్త పద్ధతిలో ఆంగ్లానికి 24, తెలుగుకు 45 అయ్యాయి. అంటే సుమారు ఆరు రెట్లుగా ఉన్న తేడా దాదాపు రెండు రెట్లకు తగ్గింది. ఇది మంచి మార్పే. అయినా ఆ ఉదాహరణ ప్రకారం, అదే పరిధిలో తెలుగు పరిశోధకుని సంభాషణ ఆంగ్ల పరిశోధకుని సంభాషణ కంటే ముందుగానే నిండిపోతుంది; పాత భాగాలు ముందుగానే సంగ్రహం పాలవుతాయి.

వెతుకులాట మరో సమస్య. పాత సంభాషణలో ఒక పదం ఎక్కడ వచ్చిందో వెతకాలంటే, ఇచ్చిన అక్షరాలను యథాతథంగా పోల్చే పద్ధతి తెలుగుకు చాలదు. మగ్గం, మగ్గము, మగ్గాలు, మగ్గపు, మగ్గానికి అనే రూపాలు ఒకే పదానివి. సంధి జరిగినప్పుడు పదం తొలి అక్షరమే మారవచ్చు. విభక్తిని, సంధిని గుర్తించని వెతుకులాట ఉన్న విషయాన్ని లేదని చెబుతుంది. వృత్తిపదాల మీద, పాఠాంతరాల మీద పనిచేసేవారికి ఇది చిన్న అసౌకర్యంగా తోసిపుచ్చదగినది కాదు.

7. మెరుగుదలకు సూచనలు:
పై విమర్శ నుంచి కొన్ని సూచనలు సహజంగా వస్తాయి.

మొదటిది, ప్రాజెక్టులోని ప్రతి ముఖ్య వాక్యానికీ ఒక స్థితి ఉండాలి. అది క్షేత్రంలో సేకరించినదా, గ్రంథం నుంచి తీసుకున్నదా, సాధనం ఊహించినదా, పరిశోధకుడు నిర్ణయించినదా, తిరస్కరించినదా అనేది వాక్యంతో పాటే ప్రయాణించాలి. పట్టికగా మారినా, సంగ్రహంగా మారినా ఆ గుర్తు పోకూడదు. సాధనం పూరించిన గడి ఖాళీ గడిగానే లెక్కకు రావాలి.

రెండవది, సంభాషణకు వెలుపల ఒక నిర్ణయ పత్రం ఉండాలి. నిర్ణయం, దాని కారణం, అది తీసుకున్న చోటు అందులో నమోదు కావాలి. సాధనం మార్పును ప్రతిపాదించవచ్చు. పరిశోధకుని అంగీకారం లేకుండా మార్చకూడదు. ఒక నిర్ణయం మారినప్పుడు దానిపై ఆధారపడిన అంశాలను పునఃపరిశీలనకు గుర్తించాలి.

మూడవది, సంగ్రహం మూలానికి బదులు కారాదు. సంగ్రహంలోని ప్రతి అంశం నుంచి మూల సంభాషణకు దారి ఉండాలి. ఏ భాగాన్ని సంగ్రహించారో వినియోగదారుకు తెలియాలి.

నాలుగవది, శాఖగా సాగిన చర్చ ముగిసినప్పుడు దాని ఫలితం ఏమిటో, మూల చర్చలో ఎక్కడ చేరుతుందో అడిగి నమోదు చేయాలి. అధికరణంలోని సంగతికి ఇది సమానం.

ఐదవది, మెమరీకి హద్దు ఉండాలి. ఏ అంశం ఏ ప్రాజెక్టుకు, ఏ అధ్యాయానికి చెందుతుందో వినియోగదారు చూసి మార్చుకోగలగాలి.

ఆరవది, ఈ నమోదు అంతటినీ మరొక సాధనంలోకి, మామూలు పత్రంలోకి తీసుకుపోయే వీలు ఉండాలి. పర్యవేక్షకుడు, పరీక్షకుడు, తర్వాతి పరిశోధకుడు దానిని చదవగలగాలి. ఒక సంస్థ సేవ నిలిచిపోతే సిద్ధాంత గ్రంథం ఆధారాలు కూడా నిలిచిపోయే పరిస్థితి రాకూడదు.

8. ఆక్షేపాలు – సమాధానాలు:
సందర్భ పరిధి ఏటేటా పెరుగుతున్నందున ఈ సమస్య దానంతట అదే తీరుతుందని ఒక వాదం ఉంది. 2024లోనే పది లక్షల టోకెన్ల పరిధి గల నమూనాను గూగుల్ ప్రకటించింది. అయితే పరిధి పెరిగితే ఎక్కువ మాటలు నిలుస్తాయి. ఏ మాట చెల్లుతుంది, ఏది రద్దయింది అనే వివేచన దానివల్ల రాదు. పెద్ద బీరువాలో పడవేసిన చీటీలకు పెద్ద బీరువా వల్ల క్రమం ఏర్పడదు.

ఇంత నిర్మాణం పెడితే సంభాషణలోని సహజత్వం పోతుందనేది మరో ఆక్షేపం. దీనిలో న్యాయం ఉంది. ఆలోచన తొలిదశలో స్వేచ్ఛగా మాట్లాడుకోవడం అవసరం. ప్రతి వాక్యానికీ గుర్తు పెట్టమంటే ఎవరూ మాట్లాడలేరు. కనుక స్థితి నిర్ణయం సంభాషణ జరుగుతున్నప్పుడు కాక, అందులోని అంశం పట్టికలోకో అధ్యాయంలోకో ప్రవేశించేటప్పుడు జరగాలి. వృత్తిపదకోశం విషయంలోనూ క్షేత్రంలోని సంభాషణ వేరు, కోశంలోని ఆరోపం వేరు.

ఇదంతా పరిశోధకుడు తన నోటుపుస్తకంలో చేసుకోవచ్చు కదా అనేది మూడవ ఆక్షేపం. చేసుకోవాలి కూడా. సాధనాలు మెరుగుపడే వరకు అదే రక్ష. కాని ప్రాజెక్టును నిర్వహించగలమని చెప్పుకునే సాధనం ఆ పనిలోని అతి ముఖ్య భాగాన్ని వినియోగదారుకు వదిలివేస్తే, ఆ పేరుకు అది ఎంతవరకు అర్హమో అడగడం విమర్శకుని బాధ్యత.

9. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

● సంభాషణ సాధనాలు మాటలను కాలక్రమంలో అమరుస్తాయి. పరిశోధనకు కావలసినది ఆధారక్రమం. ప్రస్తుత ఏర్పాట్లలో ఎక్కువ భాగం మాటలను నిల్వ చేసే శక్తిని పెంచాయి; ఈ అంతరాన్ని తగ్గించలేదు.
● ఆకరాన్ని చూపే పద్ధతి, శాఖలు చీల్చే పద్ధతి సరైన దిశలో ఉన్నాయి. వాటికి నిర్ణయాల చరిత్ర, వాక్యాల స్థితి తోడు కావాలి.
● మాండలిక వృత్తిపదకోశం, అధికరణ స్వరూపం ఇందుకు అవసరమైన సూత్రాలను ఎప్పుడో ఆచరించి చూపాయి.
● తెలుగులో పనిచేసేవారికి టోకెన్ల వ్యయం, వెతుకులాట లోపం అదనపు భారాలు. వీటి పరిష్కారంలో తెలుగు భాషాశాస్త్ర విభాగాలు భాగస్వాములు కావాలి.

సిద్ధాంత గ్రంథంలోని ప్రతి వాక్యానికీ దానిపై సంతకం చేసిన పరిశోధకుడే బాధ్యుడు. మౌఖిక పరీక్షలో, ఈ పదం మీకు ఎక్కడ దొరికిందని పరీక్షకుడు అడిగినప్పుడు సంభాషణ సాధనం వచ్చి జవాబు చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా పనిని నిలిపి ఉంచడమే క్రమపరచడం. విశ్వవిద్యాలయాలు ఈ సాధనాలను అనుమతించాలా నిషేధించాలా అన్న చర్చతో పాటు, అనుమతించినచోట ఇటువంటి నమోదును సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా కోరడం గురించి కూడా ఆలోచించవలసి ఉంది.